పసుపునీళ్ళలో పైలట్ జాకెట్

నా దగ్గర ముప్ఫై అయిదు పైలట్ జాకెట్లుండేవి. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాలు నడిపిన అమెరికా కుర్రాళ్ళు తొడుక్కున్న అసలు సిసలు తోలు జాకెట్లు. న్యూజెర్సీ మొత్తమ్మీద అంత కలెక్షన్ ఇంకొకరికి లేదు.

ఈ ముక్క ఎన్ని వందలసార్లు చెప్పానో, చెయ్యి దానంతటదే రాసేసింది. ముప్ఫై అయిదు కాదు, పదకొండు. అందులో ఒకదానికి జిప్పు లేదు, ఇంకొకదానికి ఎడమ చెయ్యే లేదు. నా భార్య వెనకనుంచి తొంగిచూసి "తొమ్మిది" అంటోంది. చెయ్యి లేనిదాన్ని కలుపుకున్నా తొమ్మిదేనట. సరే, తొమ్మిది. ఇప్పుడు ఒక్కటీ లేదు.

మొదటిది డెబ్భై ఎనిమిది చలికాలంలో దొరికింది. అప్పుడు మేం పిస్కాటవేలో ఉండేవాళ్ళం. ఆదివారాలు పొద్దున్నే ఒక ఖాళీ స్థలంలో పాతసామాన్ల సంత జరిగేది. ఫ్లీ మార్కెట్ అంటారు. విరిగిన దీపాలు, బౌలింగ్ బూట్లు, ఎవరి పెళ్ళిలోవో పింగాణీ పళ్ళాలు. ఆ గుట్టలో ఒక టేబుల్ కింద తాటిబెల్లం రంగులో కనబడింది. గుర్రం తోలు. నడుముకీ మణికట్లకీ ఉన్ని అల్లిక. ఛాతీ మీద ఎడమవైపు బొటనవేలంత వెడల్పు తోలుపట్టీ, దాని మీద అచ్చుగుద్దిన పేరు. ఆ పేరు ఇక్కడ రాయను. ఎందుకో మీకే తెలుస్తుంది.

అమ్మేవాడు నవ్వాడు. "దీన్ని చాలామంది ప్రయత్నించారు. ఎవరికీ భుజాలు దూరలేదు. నువ్వూ చూడు."

నాకు కుట్టించినట్టు సరిపోయింది. యుద్ధకాలంలో ఈ దేశపు పిల్లలు బక్కగా, పొట్టిగా ఉండేవాళ్ళట. తరవాత పాలూ మాంసమూ తిని దేశం పెరిగింది, జాకెట్లు పెరగలేదు. అయిదడుగుల నాలుగంగుళాల మనిషిని, బట్టలకోసం పిల్లల సెక్షన్‌కి వెళ్ళి తలవంచుకుని వచ్చేవాణ్ణి. అలాంటి నాకు ఈ దేశంలో మొదటిసారి ఒక వస్తువు సరిపోయింది. మిగతా కలెక్టర్లు జాకెట్లని బీరువాలో వేలాడదీసుకుని చూసుకునేవాళ్ళు. నేను తొడుక్కుని తిరిగేవాణ్ణి. వాళ్ళు కుళ్ళుకునేవాళ్ళు.

ఆ తరవాత నా చేతుల్లో ఏమీ లేదు. ఆదివారం పొద్దున కారు దానంతటదే సంతవైపు తిరిగేది. స్టీరింగ్ నా చేతుల్లోనే ఉండేదనుకోండి, అది వేరే సంగతి.

ఇంట్లో మాత్రం మొదటిరోజే పేచీ వచ్చింది.

"గొడ్డుతోలు ఇంట్లోకి తెస్తారా?" అంది నా భార్య, గుమ్మానికి చెయ్యి అడ్డం పెట్టి.

"గొడ్డు కాదే, గుర్రం."

"గుర్రమైతే మడిబట్టా? ఇంతకీ ఎవరు తొడిగి పారేసిందో!"

"ఎవరూ తొడగలేదు. ఆర్మీ గోడౌన్‌లో మిగిలిపోయిన సరుకు."

"మరి మోచేతులు అరిగాయేం?"

"ఏళ్ళతరబడి మడతపెట్టి ఉంచితే తోలు మడత దగ్గర అరుగుతుంది. అది సైన్సు."

ఇంజనీరు చెప్పాడు కనక నమ్మింది. నమ్మినట్టు ఊరుకుంది. బేస్‌మెంట్ దాటి పైకి రాకూడదని షరతు పెట్టింది. దేవుడి మందసం ఉన్న ఇల్లు, ఆవిడ పుట్టింది నిప్పులు కడిగే ఇంట్లో. ఎవరు తొడిగిందో తెలియని బట్ట ఒకటైతే, పోయినవాళ్ళ బట్ట ఇంకొకటి. ఆ రెండోది తడపకుండా, జాడించకుండా వాళ్ళింట్లో గడప దాటదు.

మా తెలుగువాళ్ళం ఉగాదికీ దీపావళికీ ఏదో ఒక హైస్కూలు క్యాఫెటేరియా అద్దెకి తీసుకుని కలిసేవాళ్ళం. తలో గిన్నె వండుకొచ్చేవాళ్ళం. అందరూ సూట్లలో వస్తే నేను పైలట్ జాకెట్‌లో వెళ్ళేవాణ్ణి. పిల్లలు నన్ను పైలట్ అంకుల్ అనేవాళ్ళు. కుడి మోచేతి మీద నల్లటి మచ్చ చూపించి, ఇంజిన్‌కి నిప్పంటుకున్నప్పుడు కాలిందని చెప్పేవాణ్ణి. నిజానికది ముడతలు పోతాయని నేను ఇస్త్రీపెట్టె పెడితే కాలింది.

ఒక డాక్టరుగారు మాత్రం పులిహోర కలుపుకుంటూ అడిగేవారు: "ఏమండీ, మీరు పనిచేసేది పంపుల కంపెనీలో కదా? ఈ విమానాలెక్కడివి?"

"విమానానికి పంపులుండవా డాక్టరుగారూ?"

"ఉంటాయనుకోండి. మీరు చేసేవి మురికినీళ్ళ పంపులని విన్నాను."

అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వి, వెంటనే ఇంకో కథ ఎత్తుకునేవాణ్ణి. అది నా పెద్ద కథ. ఈ జాకెట్ అసలు యజమానిని నేను స్వయంగా కలిశాను, ఆయన ఫ్లోరిడాలో గోల్ఫ్ ఆడుకుంటూ ఉంటాడు, "నా తరవాత దీన్ని తొడగగలిగినవాడివి నువ్వేనయ్యా" అని తన చేతుల్తో నాకు తొడిగాడు. అయిదారేళ్ళలో ఆ ముసలాయన నా నోట్లో బాగా పెరిగాడు. ఆయనకో కుక్కని కూడా ఇచ్చాను.

ఎనభై మూడో, ఎనభై నాలుగో. పెన్సిల్వేనియాలో ఒక చిన్న ఊరి ఫైర్ స్టేషన్ హాల్లో పాత యుద్ధసామాన్ల ప్రదర్శన పెట్టారు. శనివారం. నేను ఆ మొదటి జాకెట్టే తొడుక్కుని వెళ్ళాను. నలుగురు కలెక్టర్లు చుట్టూ చేరి లైనింగూ లేబులూ చూస్తున్నారు, నేను గాల్లో తేలుతున్నాను. అప్పుడొక ఆవిడ వచ్చి ఎదురుగా నిలబడింది. యాభై దాటిన మనిషి. నీలం రెయిన్‌కోటు, మెడలో గొలుసుకి వేలాడే కళ్ళజోడు. ఆ కళ్ళజోడు పెట్టుకుని నా ఛాతీ వంక చూడసాగింది. ఆడవాళ్ళు నా ఛాతీ వంక అంతసేపు చూడటం నాకు అలవాటు లేదు. పొట్ట లోపలికి లాక్కున్నాను.

ఆవిడ పట్టీ మీది పేరు మెల్లగా పైకి చదివింది. "ఇది మీకెక్కడిది?" అంది.

చుట్టూ నలుగురున్నారు. నోరు నాది. మొదలెట్టేశాను. ఫ్లోరిడా, గోల్ఫ్, కుక్క.

ఆవిడ టేబుల్ అంచు పట్టుకుంది. "ఫ్లోరిడాలో ఎక్కడ?"

"టాంపా దగ్గర."

"ఎప్పుడు చూశారు?"

"పోయిన మార్చిలో. దిట్టంగా ఉన్నాడు. మహా నవ్వుతాడు."

"అవును," అంది ఆవిడ. "వాడు బాగా నవ్వేవాడు." తరవాత నా చెయ్యి పట్టుకుని చెప్పింది. "వాడు మా అన్నయ్య. నాకు పదిహేనేళ్ళు. ఇంగ్లండు నుంచి ఎగిరిన విమానం సముద్రంలో పడిందని టెలిగ్రాం వచ్చింది. ఏమీ దొరకలేదు. మా అమ్మ పోయేదాకా అంటూనే ఉంది, దొరకలేదంటే పోయాడని కాదని."

నన్ను ఎలా చూసిందో రాయడం నాకు చేతకాదు. అర నిమిషమో, ఇంకాస్తో. ఆ అర నిమిషం ఆ మనిషి అన్నయ్య బతికున్నాడు. నేనే బతికించాను. సముద్రం ఒకసారి చంపినవాణ్ణి రెండోసారి చంపే పని కూడా నాకే పడింది.

"మేడమ్, నేను కల్పించి చెప్పాను," అన్నాను.

"ఏమిటి?"

"ఎవర్నీ కలవలేదు. ఇది సంతలో టేబుల్ కింద దొరికింది. మిగతాదంతా నేను కల్పించాను."

మూడోసారి కూడా చెప్పించింది. చుట్టూ ఉన్న నలుగురూ చూపులు పక్కకి తిప్పుకుని జారుకున్నారు. ఆవిడ మడతకుర్చీలో కూర్చుంది. తిట్టలేదు. తిడితే బావుండేది. తనే చెప్పింది: పైకి ఎగిరేటప్పుడు గొర్రెబొచ్చు కోటు తొడుక్కుని ఈ జాకెట్ లాకర్లో వదిలి వెళ్ళేవాళ్ళట. ట్రంకుపెట్టెలో ఇది ఇంటికొచ్చింది. తల్లి చూసి భరించలేక, ఈవిడ స్కూల్లో ఉండగా చర్చివాళ్ళ పాతబట్టల అమ్మకానికి ఇచ్చేసింది. అప్పట్నుంచీ ఎక్కడ ఇలాంటి ప్రదర్శన జరిగినా వెళ్ళి, జాకెట్ల ఛాతీల మీద పేర్లు చదువుకుంటూ తిరుగుతోంది.

"నాకది కావాలి," అంది. "ఇంకేమీ అక్కర్లేదు. అది కావాలి."

"తప్పకుండా. మీదే."

అప్పుడే, అక్కడే విప్పి ఇచ్చేయాలి. మనిషన్నవాడు అదే చేస్తాడు. నేను జిప్పు మీద చెయ్యి వేశాను. చెయ్యి కిందికి దిగలేదు. "వచ్చే ఆదివారం మా ఇంటికి రండి. శుభ్రం చేసి, నూనె పట్టించి ఇస్తాను," అన్నాను.

"శుభ్రం చేయొద్దు," అంది గట్టిగా. "ఎలా ఉందో అలాగే కావాలి."

బయట చలిగా ఉందని సర్దిచెప్పుకున్నాను. అది కాదు. ఇంకొక్క వారం తొడుక్కోవాలనిపించింది, అంతే.

మనిషి ఇంటికొస్తుందంటే భార్యకి చెప్పక తప్పదు. మంగళవారం కాఫీ తాగుతూ చెప్పాను. జాకెట్‌ని ఒకడు తొడిగాడని, ఇరవై రెండేళ్ళకే పోయాడని, శవం దొరకలేదని చెప్పాను. ఫ్లోరిడా సంగతి చెప్పలేదు. ఆ పేరు పట్టుకుని ఊరూరా విచారించి వాళ్ళ చెల్లెల్ని నేనే వెతికి పట్టుకున్నానని చెప్పాను. శుభ్రం చేయొద్దని ఆవిడ అన్న మాట ఈ కథలో ఎక్కడా ఇమడలేదు. వదిలేశాను.

మా ఆవిడ చాలాసేపు నా వంక చూసింది. పెళ్ళైన ఇన్నేళ్ళలో అలా ఎప్పుడూ చూడలేదు.

"నిజంగా వెతికారా?"

"మరి?"

"మంచిపని చేశారు," అంది.

శుక్రవారం సాయంత్రం ఆఫీస్ నుంచి వచ్చేసరికి బాత్‌రూమ్‌లో నీళ్ళ చప్పుడు. మా ఆవిడ చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని టబ్ ముందు పీటేసుకుని కూర్చునుంది. టబ్ నిండా మట్టిరంగు నీళ్ళు. అందులో జాకెట్ రెండు చేతులూ చాపి బోర్లా పడుంది.

బూట్లతోనే లోపలికి వెళ్ళాను.

"వచ్చారా? పొద్దున్నే పసుపునీళ్ళలో నానేశాను. తరవాత సబ్బు పెట్టి మూడుసార్లు జాడించాను. ఇంకా మురికి దిగుతూనే ఉందండీ! నలభయ్యేళ్ళ మురికి."

"అది మురికి కాదే. రంగు."

"రంగా?"

"ఎందుకు తడిపావే? తోలుని ఎవరైనా తడుపుతారా?"

"పోయినవాడి బట్ట తడపకుండా తోబుట్టువు చేతికి ఎలా ఇస్తామండీ?" అంది ఆశ్చర్యంగా. "స్నానానికి శవం కూడా దొరకలేదన్నారుగా. బట్టకైనా నీళ్ళు పోయొద్దూ? మీరు ఇంత కష్టపడి వెతికారు. నా వంతుగా ఈ ఒక్కటీ చేద్దామనుకున్నాను."

జాకెట్‌ని రెండు చేతులూ పెట్టి ఎత్తాను. దూడంత బరువుంది. నీళ్ళు ధారకట్టాయి. ఛాతీ మీది పట్టీ కుట్లు ఊడిపోయి, సబ్బుపెట్టెలో విడిగా ఉంది. మా ఆవిడే జాగ్రత్తగా తీసి పెట్టింది. పేరు మాత్రం చెక్కుచెదరలేదు.

తువ్వాళ్ళు పరిచి దాని మీద పడుకోబెట్టి, నాకు తెలిసిన ఒక కలెక్టర్‌కి ఫోన్ చేశాను. తడిసిన తోలుని ఏం చేయాలయ్యా అని అడిగాను. "నీడలో ఆరనివ్వు. నాలుగైదు రోజులు పడుతుంది. ఏం చేసినా సరే, వేడి మాత్రం తగలనివ్వకు," అన్నాడు. ఆ మాట వింటూండగానే కమురు వాసన వచ్చింది. ఆదివారానికి ఆరాలి కదా అని, నాకు సాయంగా, మా ఆవిడ దాన్ని తీసుకెళ్ళి గదిలో హీటర్ మీద పరిచింది.

శనివారం పొద్దుటికి అప్పడమైంది. నడుము అల్లిక చంటిపిల్లకి కూడా పట్టనంతగా ముడుచుకుపోయింది. భుజాల దగ్గర కుట్లు పిగిలాయి. చెయ్యి వంచితే పెంకులా చిట్లింది. పసుపు అతుకుల్లో చిక్కుకుని ఉండిపోయింది.

అప్పుడు చెప్పాను మా ఆవిడకి. దాన్ని శుభ్రం చేయొద్దని ఆ చెల్లెలు అంది అని.

"ఎప్పుడంది?"

"ఆ రోజే."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

చెప్పాలంటే ఫ్లోరిడా నుంచి మొదలెట్టాలి. మొదలెట్టాను. అంతా విని మా ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నేను బేస్‌మెంట్‌లోకి దిగాను. అదే రకం జాకెట్ ఇంకొకటుంది నా దగ్గర. అదే సైజు, అదే రంగు, ఇంకా బాగుంది కూడా. బూట్లు కుట్టే మైనందారం సూదికెక్కించి, ఆ పట్టీని దీని ఛాతీ మీద పెట్టి కుట్టడం మొదలెట్టాను. ఈసారి ఊడకూడదని రెండు వరసలు వేశాను. కుట్టు కుట్టుకీ ముడి. మధ్యలో మెట్ల మీద అలికిడైంది. మా ఆవిడ.

"ఎవరిదది?"

"ఎవరిదో ఒకరిది. ఆవిడకేం తెలుస్తుంది? నలభయ్యేళ్ళయింది. ఆవిడ సంతోషపడుతుంది, మనకీ..."

"ఒకసారి లేనివాణ్ణి ఉన్నాడన్నారు. ఇప్పుడు ఇంకొకణ్ణి వాడంటారా?"

నేను తల ఎత్తలేదు. కుడుతూనే ఉన్నాను.

ఆదివారం పదకొండింటికి ఆ చెల్లెలు వచ్చింది. రెండు గంటలు డ్రైవ్ చేసుకుని. వెండికాగితంలో చుట్టిన కేకు తెచ్చింది. సంచిలోంచి ఫ్రేము కట్టిన ఫోటో తీసి బల్ల మీద పెట్టింది. పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్న కుర్రాడు, ఒంటి మీద జాకెట్. నేను పట్టీ కుట్టిన జాకెట్ అందించాను. ఒళ్ళో పెట్టుకుని పట్టీని వేలితో తడిమింది. కాలర్ ఎత్తి మొహానికి ఆనించుకుని కళ్ళు మూసుకుంది.

"ఇదే. ఇదే వాసన," అంది.

నా తలకి రాసుకునే కొబ్బరినూనె వాసన అది. కొంచెం కలరా ఉండలది.

తరవాత నవ్వుతూ ఎడమ జేబు లోపలిది బయటికి తిప్పింది. "వాడు బయల్దేరే ముందురోజు జేబుకి చిరుగు పడితే నేనే కుట్టాను. ఇంట్లో గోధుమరంగు దారం లేదు. పచ్చదారం వేశానని ఎంత ఏడిపించాడో!"

పచ్చదారం లేదు. కుడి జేబు తిప్పింది. లేదు. మళ్ళీ ఎడమది చూసింది, కిటికీ వెలుతురుకి పెట్టి. "అమ్మ విప్పి మళ్ళీ కుట్టి ఉంటుంది," అంది, తనలో తను. మళ్ళీ కుడి జేబు తడిమి, "లేకపోతే అక్కడెవరైనా... దర్జీ ఎవరైనా..." అంది.

నా కోసం నా అబద్ధాన్ని ఆవిడే అల్లుతోంది. జన్మలో కథకి వెతుక్కోనివాణ్ణి, ఆ క్షణాన కనీసం "అవునండీ" అనడానికి కూడా నోరు రాలేదు. "కాదండీ" అనడానికీ రాలేదు.

మా ఆవిడ కాఫీ ట్రే బల్ల మీద పెట్టి, మెట్లు దిగి వెళ్ళింది. నేను ఆపలేదు. పైకొచ్చేటప్పుడు ఆ ఎండిపోయిన జాకెట్‌ని రెండు చేతుల మీదా పళ్ళెంలా పట్టుకొచ్చింది.

"దిస్ వన్," అంది. "దిస్ ఈజ్ యువర్ బ్రదర్స్. ఐ వాష్డ్. నో బడీ టోల్డ్ మీ నాట్ టు."

ఆవిడ ఆ అట్టముక్కని అందుకుంది. జేబు బిర్రబిగుసుకుపోయి తిరగలేదు. రెండు వేళ్ళు పెట్టి లాగితే కొస బయటికొచ్చింది. పచ్చదారం. పిల్లచేతి కుట్లు, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి.

ఆవిడ మా ఆవిణ్ణే అడిగింది, ఎందుకు ఉతికావని. గొంతులో కోపముందో లేదో నేను పోల్చుకోలేకపోయాను.

"ఇన్ అవర్ హౌస్, పర్సన్ డైస్, హిజ్ క్లోత్స్... ఫస్ట్ వాటర్," అంది మా ఆవిడ చేతులు ఆడిస్తూ. "దెన్ ఓన్లీ వియ్ గివ్ టు సిస్టర్."

"ఈ పసుపుపచ్చ ఏమిటి?"

"టర్మరిక్. ఫర్ రెస్పెక్ట్."

ఆవిడ అతుకు దగ్గర ముక్కు పెట్టి వాసన చూసింది. బాగుందనలేదు, లేదనీ అనలేదు. ఫోటో సంచిలో పెట్టుకుంది. జాకెట్‌ని చంకలో పెట్టుకోబోతే వంగలేదు, రెండు చేతుల్తో గుండెకి అడ్డంగా పట్టుకుని లేచింది. నా కొబ్బరినూనె జాకెట్ సోఫాలో పడుంది. దాని ఛాతీ వైపు గడ్డంతో చూపించింది.

"పేరు," అంది. నిజం తెలిశాక నాతో అన్న ఒకే ఒక్క మాట.

మా ఆవిడ సొరుగులోంచి కత్తెర తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను కింద కూర్చుని, జాకెట్ ఒళ్ళో వేసుకుని విప్పడం మొదలెట్టాను. మైనందారం. రెండు వరసలు. కుట్టు కుట్టుకీ ముడి. ఒక్కొక్క ముడీ దొరకబుచ్చుకుని, తోలు తెగకుండా కత్తెర మొన దూర్చి తుంచాలి. వాళ్ళిద్దరూ పక్కపక్కన నిలబడి చూస్తున్నారు. కూర్చోమంటే కూర్చోలేదు. కాఫీ చల్లారిపోతోంది. ఏదైనా ఒక మాట అనాలి, నిజమో అబద్ధమో ఏదో ఒకటి అనాలని పైకి చూశాను. ఇద్దరూ ఆ పట్టీనే చూస్తున్నారు. మళ్ళీ తల దించుకున్నాను. ఇంకా సగం కుట్లు మిగిలే ఉన్నాయి.